గడియ తీసిన తలుపు

ఆఫీసులో క్రిస్మస్ కొవ్వొత్తులు ఆర్పుతుంటే, ఆ పొగవాసనకు చిన్నప్పటి ఖాజాగూడ చర్చి గుర్తొచ్చింది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, పోట్లాడుకున్నవాళ్లు ఒకరినొకరు క్షమించుకుని పక్కపక్కన కూర్చునేవారు. క్షమిస్తే మనిషి తిరిగొస్తాడని నేననుకున్నాను. మమ్మల్ని వదిలి వెళ్లిన నాన్నను ఒక ఆదివారం క్షమించేసి, ఇంటికొచ్చి తలుపు గడియ తీసి కూర్చున్నాను.

"ఏందే, కుక్కలొస్తయి! గడియ పెట్టు," అంది అమ్మ.

"నాయినను మాఫ్ చేసిన. వస్తడు."

అమ్మ నవ్వబోయి ఆగింది. "నేనెప్పుడో చేసిన బిడ్డా. ఇగ జర అన్నం తిను."

నాన్న రాలేదు. దేవుడున్నాడో లేదో నాకిప్పటికీ తెలియదు. నాన్న మీద కోపం మాత్రం మళ్లీ రాలేదు. అమ్మ పోయాక ఒక్కదాన్నే ఉంటున్న కిరాయి గదిలో, గడియ పెట్టేముందు రోజూ ఒకసారి మెట్లవైపు చూస్తాను.