అరికాలికి ఎవరూ వాత పెట్టరు

పోయిన నెల ఒక సోమవారం ఉదయం, గుడివాడలో నేను పనిచేసే ల్యాబులో ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ కట్టి రక్తం తీస్తుండగా ఫోను మోగింది. తీయడం పూర్తిచేసి, గొట్టం మీద ఆయన పేరు రాసి, అప్పుడు ఎత్తాను. మా ఊరి బడిలో వంట చేసే మంగమ్మ.

"అమ్మాయ్, మీ పెద్దమ్మ పోయిందే. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది. గోడకి జారబడి కునుకు తీస్తోందిలే అనుకున్నా. రెండుసార్లు పిలిచా."

పామర్రులో బస్సు మారి, చల్లపల్లిలో ఆటో ఎక్కి, ఊరు చేరేసరికి పన్నెండయింది. మలుపు దగ్గర అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. పెద్దమ్మ బొమ్మ, కింద ఎర్రటి అక్షరాలు: "అనాథకు అన్నం పెట్టిన అమ్మకు అశ్రునివాళి."

ఆ అనాథను నేనే. ఇది చదివేవారికి ముందుగా ఆ మాట సరిచేసి చెప్పాలి. నేను అనాథను కాను. మా అమ్మ నా ఏడో ఏట పోయింది. నాన్న లారీ మీద ఒరిస్సా, బెంగాలు తిరిగేవాడు, రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. నేను బాబాయి ఇంట్లో ఉండేదాన్ని. డాబా ఇల్లు, రెండు గేదెలు, పదెకరాల మాగాణి. పెద్దమ్మ నన్ను తెచ్చుకున్నది నాకు ఇల్లు లేక కాదు. ఆ ఇంట్లో నుంచే తెచ్చుకుంది.

పెద్దమ్మ అన్నానే గాని చుట్టరికం ఏమీ లేదు. ఆమె మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పిల్లలందరం ఆయమ్మా అని పిలిచేవాళ్లం. భర్త పోయాడు, పిల్లలు లేరు. కాలవ అవతల పేటలో ఒక్క గది రేకుల ఇల్లు.

మా వైపు పచ్చకామెర్లకు వాత పెట్టించడం ఒక అలవాటు. పసుపుకొమ్ము కాల్చి ముంజేతికి ఆనిస్తారు. గింజంత మచ్చ పడుతుంది. జబ్బు దాని వల్ల తగ్గదని ఇప్పుడు నాకు తెలుసు, కానీ అలవాటు అలవాటే. అందుకని పిల్లల ఒంటి మీద కాలిన మచ్చ కనబడితే మా ఊళ్లో ఎవరూ ఉలిక్కిపడరు. "కామెర్లా?" అంటారు. అవునంటే తల ఊపి వెళ్తారు. బాబాయికి ఆ సంగతి బాగా తెలుసు.

ఆయన ఏం చేసేవాడో వివరంగా రాయను. వంటింట్లో పొయ్యి ఉంది, ఇనప గరిటె ఉంది. పాలు పొంగిపోయినా, గేదె పలుపు తెంచుకున్నా ఆ గరిటె పొయ్యిలోకి వెళ్లేది. పిన్ని చూస్తూ నిలబడేది, తర్వాత కొబ్బరినూనె రాసేది. అంతవరకు చాలు. రెండేళ్లలో నాకు మూడుసార్లు కామెర్లు వచ్చాయని ఊరంతా నమ్మింది. మా క్లాసు టీచరు నూనె వస్తువులు తినొద్దని జాగ్రత్త చెప్పారు. ఊళ్లో మందులిచ్చే ఆర్.ఎం.పి. నేల ఉసిరి రసం తాగించమన్నాడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నా కనురెప్ప ఎత్తి కన్ను పచ్చగా ఉందా అని చూడలేదు. నేను బడి మానిన రోజులకు హెడ్మాస్టరు గారు ఆరోగ్య రిజిస్టర్లో కారణం రాసిపెట్టారు: "పచ్చకామెర్లు. ఇంటి వైద్యం."

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం కంచం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తున్నాను. ఆయమ్మ గుండిగ దించుతోంది.

"ఏంటే, అలా అంచుల మీద నడుస్తున్నావ్?"

"ముల్లు గుచ్చుకుంది ఆయమ్మా."

"ఏ కాలికి?"

"రెండిటికీ."

"రెండు కాళ్లకీ ఒకేసారి దిగిందా? ముల్లు గట్టిదే." బోర్లించిన బేసిను మీద నన్ను కూర్చోబెట్టి పాదం ఒళ్లోకి తీసుకుంది. చూసింది. రెండోది కూడా చూసింది. "ఎవరు?"

"కామెర్లు," అన్నాను. అలా చెప్పమని నేర్పారు.

"కామెర్లకి చేతులుండవు. ఎవరని అడిగాను."

అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. బాబాయి అని చెప్పాను. ఆమె లేచింది. "మంగా, అన్నం నువ్వు వార్చు," అని చెప్పి, నన్ను చంకనెత్తుకుని నేరుగా హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్లింది.

"ఆయమ్మా, అది వాళ్లింటి విషయం," అన్నారాయన. "కామెర్లకి వాత పెట్టించారు. రిజిస్టర్లో కూడా రాశాను."

"మా నాన్న వాతలు పెట్టేవాడండీ. ఏడెనిమిది ఊళ్లవాళ్లు వచ్చేవాళ్లు. ముంజేతి మీద పెట్టేవాడు. అరికాలికి ఎవరూ వాత పెట్టరండీ."

"నీకెందుకొచ్చిన గొడవ చెప్పు? రేపు వంట ఇంకొకళ్లకి ఇస్తే ఏం చేస్తావ్?"

"ఆ వచ్చినావిడకీ కళ్లుంటాయి కదండీ."

ఆ హెడ్మాస్టరు గారు తర్వాత ఉత్తమ ఉపాధ్యాయుడిగా శాలువా కూడా కప్పించుకున్నారు.

ఆ రోజే నన్ను చల్లపల్లిలో డాక్టరమ్మకు చూపించి, కాగితం రాయించుకుని, బందరు బస్సు కోసం నిలబడితే బాబాయి బండి మీద వచ్చి బస్టాండులో నా చెయ్యి పట్టి లాగాడు. జనం చుట్టూ మూగారు. ఆయమ్మ నా రెండో చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే నాకు నొప్పని ఆమెకు తోచింది. అప్పుడే వచ్చి ఆగిన బస్సు మెట్టుకు అడ్డంగా కూర్చుని, "ఈ పిల్ల ఎక్కితేగాని బస్సు కదల్దు," అంది. డ్రైవరు విసుక్కుంటూ హారను కొట్టాడు, లోపలివాళ్లు తిట్టారు. చివరికి టైమయిపోతోందని కండక్టరే బాబాయి చెయ్యి విడిపించి నన్ను పైకి లాగాడు. నన్ను కాపాడడానికి ఆ రోజు ఊరికి దొరికిన కారణం బస్సు ఆలస్యం.

బందరులో పిల్లల సంక్షేమం చూసే కమిటీ ముందు మర్నాడు బాబాయి ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. బడి రిజిస్టరు నకలు తెచ్చాడు. కమిటీలో ఉన్న మేడం అది చదివి ఆయమ్మను అడిగింది: "కామెర్లని బడివాళ్లే రాశారు కదమ్మా. అసలీ పిల్ల నీకేమవుతుంది?"

"ఏమీ కాదండి. ఏదన్నా అయ్యుంటే నేనూ కామెర్లనే చెప్పేదాన్నేమో."

డాక్టరమ్మ కాగితం ఉండబట్టి నన్ను వెనక్కి పంపలేదు. నాలుగు నెలలు బందరులో పిల్లల హోములో ఉన్నాను. పోలీసులు ఊళ్లోకి వచ్చి విచారిస్తే ఎవరూ ఏమీ చూడలేదు. పక్కనే నిలబడి అన్నం వార్చిన మంగమ్మ కూడా చూడలేదంది. నాన్న వచ్చి, తమ్ముడి ముఖం చూసి, రాజీ కాగితం మీద సంతకం పెట్టి, మళ్లీ లారీ ఎక్కాడు. కేసు అక్కడితో సరి.

నన్ను పెంచడానికి ఇమ్మని ఆయమ్మ అర్జీ పెట్టింది. అప్పుడు మాత్రం ప్రభుత్వం కదిలింది. ఒకాయన వచ్చి ఆమె గదిని టేపుతో కొలిచాడు. మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందో లేదో చూశాడు. ఆమెకు క్షయ లేదని కాగితం తెమ్మన్నాడు. ఈ పరీక్షలు వద్దని నేను అనను, పిల్లను ఇచ్చేముందు చూడాలి. బాబాయి డాబాకు మాత్రం ఆ రెండేళ్లలో ఏ టేపూ రాలేదు. ఇప్పటికీ నాకు మింగుడుపడదు ఆ సంగతి.

ఊరికి కోపం కూడా అప్పుడే వచ్చింది. నా పాదాలు చూసి రాని కోపం, నేను కాలవ దాటి పడుకుంటున్నానని వచ్చింది. "మన పిల్ల ఆ పేటలో తినడమేంటి?" అని ఎంతమంది అడిగారో. ఒక ఏడాది ఆమెను వంటలోంచి తీసేశారు. నాట్లకు, కలుపుకు వెళ్లింది. నేను తిన్న అన్నం అదే.

ఆమె మెత్తని మనిషి కాదు. పొగాకు నమిలేది, మాట పెళుసు. మార్కులు తగ్గితే మూడు రోజులు సాధించేది. ముద్దు చేయడం రాదు. కానీ జడ వేసేముందు, "తల ముట్టుకోనా?" అని అడిగేది. పదేళ్ల పిల్లను ఎవరు అడుగుతారు ఆ మాట? కంచంలో ఎప్పుడూ తను వడ్డించలేదు. "ఎంత కావాలో నువ్వే పెట్టుకో" అనేది. ఆమె ఇంట్లో ఇనప గరిటె ఉండేది కాదు. కొయ్య తెడ్డు, కొబ్బరిచిప్ప గరిటె, అంతే. బీదతనం అనుకునేదాన్ని. గుడివాడలో నేను గది తీసుకుని సామాను కొనుక్కోవడానికి వెళ్లి, కొట్లో ఆ గరిటెలు వేలాడుతుంటే ఏమీ కొనకుండా బయటికి వచ్చేసినప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు.

పద్నాలుగో ఏట సినిమాకు పంపలేదని, "నువ్వు నాకేమవుతావని?" అని అరిచాను.

"ఏమీ కాను. అన్నం చల్లారిపోద్ది, తిను," అంది.

పెద్దమ్మా అని పిలవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. పద్దెనిమిది నిండాక పోషణ గడువు ముగిసిందని బందరు నుంచి ఉత్తరం వస్తే నా చేత చదివించుకుని, "కాగితం అయిపోయింది, బియ్యం అవలేదుగా," అని లేచి పొయ్యి వెలిగించింది.

ఆమెను నలిపేసిన విషయం ఒకటుంది. "మా నాన్న వాతలు పెట్టబట్టేగా వాడికి ఆ అబద్ధం దొరికింది," అనేది. వాళ్ల నాన్న మంచి మనిషే, కానీ నొప్పి పెట్టి వైద్యం అన్నాడు, జనానికి అది అలవాటు చేశాడు అనేది. అందుకే కాబోలు ఆ రిజిస్టరును వదల్లేదు. ఏటా జూన్‌లో బడి తెరిచినప్పుడు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, "ఆ కామెర్ల మాట కొట్టేయండి సార్," అని అడిగేది. పదహారేళ్లలో ఆరుగురు మారారు. అందరిదీ ఒకటే జవాబు: "రికార్డు దిద్దకూడదమ్మా." ఆమె చదువు రాని మనిషి. తను చదవలేని ఆ ఒక్క వాక్యం కోసం పదహారుసార్లు వెళ్లింది.

పెద్దమ్మ పోయిన పదో రోజున బడి ఆవరణలో సంతాప సభ పెట్టారు. బాబాయి వేదిక మీద ఉన్నాడు. ఇప్పుడాయన నీటి సంఘానికి అధ్యక్షుడు. మైకు పట్టుకున్నాడు.

"మా అన్న కూతురు చిన్నప్పుడు రోగిష్టి పిల్ల. మా ఆడవాళ్లకి చూసుకోవడం కుదరక ఈవిడకి అప్పగించాం. కన్నతల్లిలా పెంచింది."

చప్పట్లు కొట్టారు. నాకు లేచి మాట్లాడాలని ఉంది, కూర్చునే ఉన్నాను. మంగమ్మ వెనక మజ్జిగ గ్లాసులు పంచుతోంది. పళ్లెం బెంచీ మీద పెట్టింది.

"ఎప్పుడండీ అప్పగించింది?"

"ఏంటి మంగమ్మా?" అన్నాడు బాబాయి నవ్వుతూ.

"అప్పగించామన్నారుగా. చల్లపల్లి బస్టాండులో చెయ్యి పట్టి లాగింది ఎవరండీ మరి?"

"ఊరుకోవే, పోయినావిడ సభలో రభస ఏంటి?" అన్నారెవరో.

"పోయినావిడ ఉన్నన్నాళ్లూ ఊరుకున్నాగా! ఆ పిల్లకి కామెర్లూ లేవు గీమెర్లూ లేవు. కాళ్లు కాల్చారు. నేను చూశా. పోలీసాయన అడిగితే చూళ్లేదన్నా. నా వంట పోద్దని అన్నా. అదీ నా బతుకు."

"మతి చెడింది ముసల్దానికి," అని బాబాయి మైకు పక్కవాడికిచ్చి, కాలవ మీద పనుందంటూ దిగి వెళ్లిపోయాడు. సగం మంది ఆయన వెంటే లేచారు. చప్పట్లు కొట్టిన చేతులే అవి.

మిగిలినవాళ్ల మధ్య ఇప్పటి హెడ్మాస్టరు మేడం నిలబడి ఉంది. ఈ జూన్‌లో పెద్దమ్మకు కుదరదని చెప్పింది ఆమే. మమ్మల్ని తన గదిలోకి తీసుకెళ్లి, బీరువా తెరిచి పాత రిజిస్టరు తీసింది. "కొట్టేయడం కుదరదు. పక్కన రిమార్కుల్లో రాయొచ్చు. చూసినవాళ్ల సాక్ష్యం ఉండాలి."

"ఇది ఆవిడ అడిగినప్పుడు చెప్పాల్సింది కదండీ," అన్నాను. ఆమె పెన్ను మూత తీసింది. రాసింది: "ఎదురుగా ఉన్న నమోదు తప్పు. పాప రెండు పాదాలకు కాలిన గాయాలు." పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు ఆరుగురికి పదహారేళ్లలో దొరకలేదు.

మంగమ్మ, అప్పట్లో కుళాయి దగ్గర గిన్నెలు తోమిన మరో ఇద్దరు ఆడవాళ్లు వేలిముద్ర వేశారు. ముగ్గురే. ఇంకెవరూ ముందుకు రాలేదు. బాబాయికి ఏమీ కాదు, రేపు కూడా కాలవ గట్టు మీద నలుగురితో తిరుగుతాడు. ఆ సంగతి నాకు తెలుసు.

బయటికి వచ్చాక సిరా తుడుచుకోవడానికి మేడం కాగితం ముక్క ఇవ్వబోయింది. మంగమ్మ వద్దని, మావైపు ఆడవాళ్లు చేసే పనే చేసింది. బొటనవేలు తలకు రుద్దుకుంది. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది. చెవి పైన నీలం చార ఒకటి పడింది. అది తనకు కనబడదు. వంటగది అరుగు మీద కూర్చుని మర్నాటి బియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. తల ఊగినప్పుడల్లా ఆ నీలం ఎండలో కనబడుతూనే ఉంది.