మా సుగుణ వదిన కుట్టిన తెరచాప

నిన్న పొద్దున టిఫిన్ బాక్స్ సర్దుకుంటుంటే కోదాడ నుంచి అన్న ఫోన్.
"సుగుణ పోయిందమ్మా" అన్నాడు. అంతే, పెట్టేశాడు.

నేను బాక్స్ మూత పెట్టాను. బ్యాగులో వేసుకున్నాను. స్కూల్‌కు పోవడానికి చెప్పులు కూడా వేసుకున్నాను. గేటు దాకా వెళ్లాక గానీ ఆ మాట బుర్రకెక్కలేదు.

మొన్న సాయంత్రమే ఫోన్‌లో నన్ను తిట్టింది, బీపీ గోళీలు వేసుకోవట్లేదని. గుండె జబ్బు తనకు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం తనకు, తిట్లు మాత్రం నాకు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. సుగుణ వదిన మా అన్న భార్య. పుట్టింది తిరుమలగిరి దగ్గర, బోరు నీళ్లు తప్ప ఇంకే నీళ్లూ ఎరగని ఊళ్లో. అన్న లారీ నడిపేవాడు. లారీల మీద కప్పే టార్పాలిన్లు వదిన కుట్టేది, కోదాడ బైపాస్‌లో షాపు. ఆమె కుట్టింది కప్పితే ఎంత గాలికీ లేవదని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు.

తర్వాత రెడీమేడ్ ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. షాపు మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారు. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసింది. మిషన్ తొక్కొద్దని డాక్టర్ కూడా చెప్పాడు. అమ్మేయడమే మంచిదని అందరం అన్నాం. అన్న బేరం కూడా చూశాడు.



అదే రోజుల్లో వాడపల్లిలో మా నాన్న పాత పడవ ఆమె కంటపడింది. నాన్న కృష్ణలో తెరచాప పడవ నడిపేవాడు. ఆయన పోయాక అది ఒడ్డున రేకుల షెడ్డు కింద బోర్లా పడి ఉంది. వంటచెరుకుకు ఇచ్చేస్తానని అన్న ఎవరికో మాటిచ్చాడు.

వదిన పడవ చుట్టూ ఒకసారి తిరిగింది. దీని తెరచాప బట్ట ఏదని అడిగింది. ఎప్పుడో చివికిపోయిందని చెప్పాను.

"రెడీమేడ్‌ల దొరుకుతదా?"

దొరకదన్నాను.

"అయితే నేను కుడత. పడవ గిన నడవకపోతే మిషన్ అమ్ముండ్రి, నేనేం మాట్లాడ."

ఇక మొదలైంది మా అవస్థ.

ఆదివారం వస్తే చాలు, కోదాడ బస్సులో మిర్యాలగూడలో దిగేది. మా ఇంట్లో రెండు ముద్దలు తిని వాడపల్లికి బయల్దేరేది. లారీ బాడీలు కట్టే వడ్రంగిని తీసుకొచ్చి పుచ్చిన చెక్కలు మార్పించింది. తుప్పు మేకులు తనే పీకింది. చెక్కల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూసింది.

ఎందులో కాచిందో అడగండి. మా అత్తగారిచ్చిన పెద్ద మూకుట్లో. ఇప్పటికీ దాంట్లో పూరీలు వేస్తే రోడ్డు వేస్తున్న వాసనే.

కాసేపు గీకేది. కూర్చుని ఊపిరి తీసుకునేది. మళ్లీ లేచి గీకేది. పడవ నడిపేవాడి కూతుర్ని నేను, గొడుగు పట్టుకుని పక్కన సణుగుతూ కూర్చునేదాన్ని.

తెరచాప మాత్రం చాలా గర్వంగా కుట్టింది. మందపాటి కాన్వాసు, అంచుల చుట్టూ తాడు, వరసగా ఇత్తడి రింగులు. ఎక్కడా ముడత లేదు. తీరా కడితే, గాలి వచ్చి దాని మీద నుంచి జారిపోయింది. పడవ ఉన్నచోటే ఊగింది.

లారీ ఎక్కడమ్మా అని ఒడ్డున ఎవరో నవ్వారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఆ తెరచాపనే తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చుంది. ధ్యాస మళ్లించడానికి నా కొత్త జాకెట్టు తెచ్చి, టైలర్ చెడగొట్టాడని మొత్తుకున్నాను. వదిన దాన్ని లోపలికి తిప్పి చూసింది. మడిచి కుట్టిన డాట్స్ దగ్గర వేలు ఆగిపోయింది.

"విమలా, సాపు బట్టను గిట్ల మడిచి కుడితెనే గదా దీంట్ల మనిషి పట్టేది" అంది. "ఇన్నేండ్లు గాలి జొరకుండ కుట్టిన. తెరచాపకు గాలి పట్టే జాగ ఇడువాలె."

మర్నాడే బ్లేడు తీసుకుని కుట్లన్నీ విప్పేసి, తాడూ రింగులూ పక్కన పెట్టుకుంది. పల్చటి కాన్వాసు తెప్పించి, మా హాల్లో పరిచి, జాకెట్టుకు పెట్టినట్టే డాట్స్‌కు గుర్తులు పెట్టుకుంది. ఆ పని అయ్యేదాకా మేం వంటింట్లోనే తిన్నాం. తర్వాత కోదాడ తీసుకుపోయి మిషన్ మీద కుట్టింది. డాక్టర్ మాట ఎత్తితే వినపడనట్టే ఉండేది.

రెండోసారి నీళ్లలోకి దిగాం. అన్న వెనక చుక్కాని పట్టుకున్నాడు. వదిన తాడు లాగింది. బట్ట పైకి వెళ్లి, ఊరికే వేలాడింది.



తర్వాత నిండింది.

ఎలా చెప్పాలో తెలియట్లేదు. నెలలు నిండిన కడుపులా ముందుకొచ్చింది. ఇంజిన్ లేదు, ఎవరూ తెడ్డు వేయలేదు. పడవ కదిలింది. కదిలి, వేగం అందుకుని, నీళ్లు చీల్చుకుంటూ పోయింది. అన్న ముఖం పక్కకు తిప్పుకుని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేను చేతులు జోడించాను. దేవుడికో, వదినకో ఇప్పటికీ తెలియదు.

వదిన అసలు నది వంక చూడలేదు. తల ఎత్తి కుట్లు చూస్తోంది. పై నుంచి కింది దాకా చూసి, నెమ్మదిగా అంది.

"ఒక్క కుట్టు గూడ పోలే."

మిషన్ అమ్మలేదు.

నిన్న అంతా అయ్యాక అన్న నన్ను షాపులోకి తీసుకెళ్లాడు. మిషన్ మీద ఇంకో తెరచాప ఉంది. మొదటిదానికన్నా చిన్నది. డాట్స్ అన్నీ అయిపోయాయి, ఒక పక్క అంచు మాత్రం మిగిలింది. ఏ పడవకని అడిగాను.

"పడవేం లేదమ్మా. ఊకెనే కుట్టుకుంట కూసున్నది" అన్నాడు. జేనలతో దాని పొడవు కొలిచాడు. "జర అందర్నీ అడుగు. గీ సైజుకు పాత పడవ యాడన్న ఉన్నదేమో."

అందుకే అడుగుతున్నాను. మీ ఎరికలో ఎక్కడైనా చిన్న పాత పడవ ఉంటే చెప్పండి. ఎంత పాడైనా పర్వాలేదు. అన్న బాగు చేసుకుంటాడట.

పోయిరా వదినా. ఆయాసం లేని చోట హాయిగా ఊపిరి పీల్చుకో, నెమ్మదిగా నిద్రపో.