బాపు ఫోటో, బిడ్డ భయం

మా బిడ్డకు బడి అంటే భయం పట్టుకున్నది సమ్మె అయిపోయాకే. తెలంగాణ కోసం బడులు, బస్సులు, ఆఫీసులు అన్నీ నెలకు పైగా బందయ్యాయి. మళ్లీ తెరిచిన రోజు జనగామలో పిల్లలంతా సంచులు తగిలించుకుని బయలుదేరితే, రెండో తరగతి చదివే మా పిల్ల మాత్రం కడుపునొప్పి అంటూ మంచం దిగలేదు. మరునాడూ అంతే.

నాకు ముక్కు మీదే కోపం. రెండు రోజులు బుజ్జగించాను, మూడో రోజు రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాను. బడి గేటు దగ్గర నా కొంగు పట్టుకుని వీధంతా వినేలా ఏడ్చింది. ఆయమ్మ వచ్చి వేళ్లు విడిపిస్తుంటే నేను వెనక్కి చూడకుండా వచ్చేశాను. మధ్యాహ్నమే ఫోన్ వచ్చింది, వాంతి చేసుకుంది, తీసుకుపొమ్మని.

దవాఖానలో డాక్టర్ ఏమీ లేదన్నాడు. మా అత్త దిష్టి తీసింది, చిల్పూరు గుట్ట దేవుడికి మొక్కుకుంది. నేనేమో ఇన్ని రోజులు బడి లేక చదివింది మరిచిపోయి టీచరుకు భయపడుతోంది అనుకున్నాను. సాయంత్రాలు కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను. గడగడా చెప్పేది. పొద్దున లేస్తే మళ్లీ అదే ఏడుపు. ఒకరోజు నా చెయ్యి లేచింది, వీపు మీద గట్టిగానే పడింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బడికి కదలని కాళ్లు దుకాణానికి మాత్రం పరుగెత్తేవి. మాది ఇంటి ముందే కిరాణా దుకాణం. రోజంతా వాళ్ల బాపు పక్కన బియ్యం బస్తా మీద కూర్చునేది. ఆయన లోపలి అర్రలోకి ఉప్పు తేవడానికి పోయినా వెంటపడేది. బడి ఎగ్గొట్టడానికి వేషాలు అనుకున్నాను.

ఒకనాడు సరుకులకు వచ్చిన ముసలాయన గోడకేసి చూసి, "సేటూ, గీ ఫోటోల నువ్వేనా? శెభాష్" అన్నాడు. సమ్మెప్పుడు రైల్‌రోకోకు పోయిన మా ఆయనను నలుగురు పోలీసులు కాళ్లూ చేతులూ పట్టుకుని పట్టాల మీంచి ఎత్తుకుపోతున్న ఫోటో అది. పేపర్లో జిల్లా పేజీలో వేశారు. తక్కెడ తప్ప మరొకటి పట్టి ఎరగని మా ఇంట్లో అది పెద్ద గొప్ప. కత్తిరించి అద్దం కట్టించి దుకాణంలో తగిలించాం. ఎవరు మెచ్చుకున్నా నేను పొంగిపోయేదాన్ని.

మా ఆయన ఉషారుగా మొదలుపెట్టాడు, "లెవ్వనంటె లెవ్వనన్న, ఎత్కపోయిండ్రు" అని. బస్తా మీంచి బిడ్డ అందుకుంది.

"తాతా, నేను బడికి పోయినంక బాపును మళ్ల ఎత్కపోతె ఎట్ల?"

మేము మురిసిపోతూ పెట్టుకున్న ఫోటోను ఆ పిల్ల రోజూ వణుకుతూ చూసింది. కొట్టిన చెయ్యిని ఏం చేసుకోవాలో తెలియలేదు నాకు.

ఫోటో అప్పుడే తీసేశాం. "ఇగ పోనని చెప్పు పిల్లకు" అన్నాను మా ఆయనతో.

"అబద్ధమెట్ల చెప్త? రేపు పిలిస్తె పోత గద" అన్నాడు. ఇద్దరం బాగానే అరుచుకున్నాం. చివరికి ఆయన బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"బిడ్డా, మొన్న తీస్కపోయినోళ్లు పొద్దుమీకి ఇడిసిపెట్టిండ్రు గద? మళ్ల పోతె నీకు చెప్పకుండ పోను. మీ క్లాసు కాడికే వచ్చి చెప్పిపోత."

"ఒట్టు?"

"ఒట్టు."

మరునాడు ఏడుస్తూనే పోయింది. పది రోజులకు ఏడుపు తగ్గింది. అంతలో రాస్తారోకో వచ్చింది. ఆయన టీచరును అడిగి, క్లాసు తలుపు దగ్గరకు పోయి చెప్పాడు. బిడ్డ మెడ కరుచుకుని చాలాసేపు వదల్లేదట. రెండోసారి, "అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగిందట. రెండుసార్లూ ఆయన చీకటి పడకముందే ఇల్లు చేరాడు.

మూడోసారి బడి నుంచి ధర్నాకు పోవలసిన మనిషి చిన్నబోయిన ముఖంతో దుకాణానికే తిరిగొచ్చాడు. ఏమైందని అడిగాను.

"'బాపూ, జల్ది పో, అందరు నిన్నే చూస్తుండ్రు, నాకు సిగ్గైతుంది' అన్నది" అన్నాడు.

పాపం, ఆయన మనసు చివుక్కుమంది. నేను కందిపప్పు డబ్బా వెతుకుతున్నట్టు అటు తిరిగి, ఎన్నో రోజుల తర్వాత హాయిగా ఏడ్చాను.