కుడిపక్క మైసమ్మ

కొండను తొలిచిన మనుషులను కొండ గుర్తుపెట్టుకుంటుందేమో గాని, పుస్తకాలు మాత్రం పెట్టుకోవు. కర్దనూరు చిన్నరాములు ఇరవై రెండేళ్ల వయసులో ఒక మేస్త్రీ వెంట పోయి, విశాఖ అవతలి లోయల్లో ఇనుపరాయిని కిందికి దించే రైలుదారికి సొరంగం తవ్వాడు. ఇప్పుడు బొల్లారం మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. ఆ కథ చెప్పని షిఫ్టు లేదు, నమ్మినవాడూ లేడు. భార్య ముత్యమ్మ ఊఁ కొట్టేది. ఆ ఊఁలో నమ్మకమెంతో ఆయనకు ఎన్నడూ అంతుబట్టలేదు.

1994లో ఫ్యాక్టరీ కార్మిక సంఘం కుటుంబాలతో అరకు యాత్ర పెట్టింది. రాములు కాలు నేల మీద నిలవలేదు.

"సొరంగం మొగదల ఎడమదిక్కు గూట్లె మైసమ్మ ఉంటది. నా చేతులతోనే పెట్టిన. సూపిస్త," అన్నాడు.

"లేకుంటే, రాములన్నా?" అడిగాడు బాయిలర్ జోడీదారు ఖయ్యూం.

"లేకుంటె ఇగ ఆ ముచ్చటే ఎత్త."

మన దిక్కు చెరువు కట్ట పోసినా, బావి తవ్వినా ఒక రాయికి పసుపు పూసి మైసమ్మను నిలిపాకే గడ్డపార ముడతారు. రాజులు ఎక్కడెక్కడ గుళ్లు కట్టారో రాసిన పండితులు, కూలీల మూటల్లో ఎంతమంది దేవతలు వలసపోయారో రాయలేదు.

విశాఖలో ఎక్కిన రైలు కొండెక్కసాగింది. కింద దారప్పోగులాంటి ఏరు, పైన నిట్టనిలువు బండలు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెంతా ఈలలు. ఎత్తయిన వంతెన దాటగానే ఎద్దు మూపురంలాంటి బండ కనిపించింది. రాములు లేచి నిలబడ్డాడు.

"ఇదే. అందరు ఎడమదిక్కు రాండ్రి."

ముప్పై తలలు ఎడమ కిటికీలకు అతుక్కున్నాయి. కడుపులో తిప్పుతోందని ముత్యమ్మ మాత్రం కుడి కిటికీ వదలలేదు. సొరంగం ముఖం వచ్చింది. ఉత్త రాయి. గూడు లేదు.

"మైసమ్మ సెలవు మీద పోయినట్టుంది, భాయ్," అన్నాడు ఖయ్యూం చీకట్లో.

ఆ చీకట్లోనే రాములుకు తట్టింది. వాళ్ల క్యాంపు ఉన్నది కొండ పైన. రోజూ పనికి దిగింది పైమొగం నుంచి. రైలు పోతున్నది కింది నుంచి పైకి. అంటే గూడు అవతలి కొసన, కుడి చేతికి.

"అటు కాదు, ఇటు," అంటూ టిఫిన్ డబ్బాలు తొక్కుకుంటూ దూకాడు. ఎవరి సంచో కాళ్లకు చుట్టుకుని బోర్లాపడ్డాడు. పెట్టెలోకి భళ్లున వెలుగొచ్చింది. లేచేసరికి చెట్లు వెనక్కి పరుగెత్తుతున్నాయి.

ముత్యమ్మ రెండు చేతులూ జోడించి ఉంది.

"ఒక్క రాయే అంటివి గదయ్యా," అంది. "మూడున్నయి. పసుపు గూడ పచ్చిగనే ఉంది."

రాములు కింద కూర్చుండిపోయాడు. తను పెట్టింది ఒక్కటే. మిగతా రెండూ ఎవరివో; పసుపు ఎవరు పూస్తున్నారో. మోకాలు దోక్కుపోయిన సంగతి కూడా తెలియలేదు.

"మన ఎనుక ఇంకా మంది వచ్చిండ్రే," అన్నాడు నవ్వుతూ.

"నేనైతే సూడలే," గొణిగాడు ఖయ్యూం. "తిరిగొచ్చేటప్పుడు ఎడమదిక్కే గదా పడేది? ఆ కిటికీ నాది," అని సీటు మీద వేయడానికి చేతిరుమాలు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు.