బియ్యపు గింజంత గ్రీజు

దసరానాడు ఉదయం ఏడుంబావుకు మా అవ్వ, అంటే మా అమ్మ, కారుకు బొట్టు పెట్టింది. ఏడున్నరకల్లా బయలుదేరాలని అన్న చెప్పడంతో నేను మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాను. అందుకే ఆ వేళ నాకు గుర్తుంది.

మా నాన్నకు, అంటే బాపుకు, ముందురోజు నుంచి కడుపునొప్పి. ఆ తెల్లవారుజామున మెట్‌పల్లి డాక్టరు పొట్ట నొక్కి చూసి, పేగు మెలిపడినట్టుందని, ఆపరేషన్ చేయాలని, మధ్యాహ్నంలోగా కరీంనగర్ పెద్ద దవాఖానకు చేర్చమని చెప్పాడు. పండుగరోజు బస్సులను నమ్మలేం. మనకు కారుంది కదా అని ఆ పొద్దున మా ఇంట్లో అందరం ఒకరికొకరం చెప్పుకున్నాం.

అది యుద్ధానికి ముందరి ఇంగ్లీషు కారు. జాగీర్లు పోయిన తరువాత ఒక దొర గడిలో కోళ్లు పొదిగే చోటైపోయిన దాన్ని అన్న కొని తెచ్చి, చాలాకాలం తిప్పలుపడి నడిపించాడు. పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవాడు. దాని ఇంజన్ పక్కన నల్లటి మూత కింద డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది. లోపల వేలెడంత ఇరుసు, దాని పక్కన కలుస్తూ విడిపోతూ ఉండే రెండు పాయింట్లు. ఇంజన్‌కు నిప్పురవ్వ వాటివల్లే పుడుతుంది. ఇరుసుకు గ్రీజు లేకపోతే దానికి రాసుకునే ముక్క అరిగిపోతుంది. ఎక్కువైతే వేడికి కరిగి, చిమ్మి, పాయింట్ల మీద పడుతుంది. అప్పుడు రవ్వ రాదు. కారు నడవదు.

ఏ గ్రీజు పెట్టాలో తేల్చుకోవడానికి అన్నకు ఒక ఎండాకాలం పట్టింది. జగిత్యాల డ్రైవర్లు వ్యాజలీన్ చాలన్నారు. అది మా ఎండకు నీళ్లయింది. చక్రాలకు పెట్టే గ్రీజు మరీ మెత్తన. బాపు ఎడ్లబండి మీద ఏళ్లపాటు పసుపు బస్తాలు మార్కెట్‌కు తోలినవాడు. ఆముదంలో మసి కలిపిన కందెన గొట్టం ఇంకా చూరుకు వేలాడుతూనే ఉండేది. అది పెట్టుకోమని అన్నను ఉడికించేవాడు. చివరికి అన్న అవ్వ గరిటెను నిప్పుల మీద పెట్టి, ఒక్కో రకాన్నీ చిటికెడు వేసి, ఏది జారకుండా నిలుస్తుందో చూశాడు. మంచిర్యాల దగ్గర బొగ్గుగని వర్క్‌షాపులో పనిచేసే స్నేహితుడు జర్దా డబ్బాలో వేసిచ్చిన గట్టి గ్రీజు ఒక్కటే నిలిచింది. గరిటె పాడుచేశాడని అవ్వ చాలా రోజులు సణిగింది.

వారం వారం అన్న ఆ గ్రీజును బియ్యపు గింజంత తీసి, అగ్గిపుల్లతో ఇరుసుకు పూసేవాడు. అవ్వకు ఆ పిసినారితనం నచ్చేది కాదు.

"మీ బాపు బండికి గొట్టం గొట్టమే వొంపుతుండె. నువ్వేంది, చీమకు వెట్టినట్టు పెడ్తవ్?"

"ఇది ఎడ్లబండి కాదవ్వా. దీని పానమంత గీడనే ఉంటది" అని అన్న ఇరుసు చూపించేవాడు.

ఆ దసరా పొద్దున కూడా అన్న మూత తీసి, పాయింట్లు తుడిచి, గింజంత గ్రీజు పెట్టి, బాపును మోయడానికి లోపలికి వచ్చాడు. మేమిద్దరం బాపును పరుపుతో సహా బయటికి తెచ్చేసరికి మూత పెట్టేసి ఉంది. వారం వారం చూసీ చూసీ దాని క్లిప్పులు బిగించడం అవ్వకు వచ్చేసింది. మూత మీద కుంకుమ బొట్టు ఉంది. అన్న బొట్టును చూశాడు. పండుగ కదా అనుకుని బానెట్ దించాడు.

బాపు వెనక సీట్లో అవ్వ ఒడిలో తలపెట్టి పడుకున్నాడు. నేను ముందు కూర్చున్నాను. కోరుట్ల దాటాం. జగిత్యాల కూడా దాటాం. ఆ తరువాత కొంత దూరానికి ఇంజన్ దగ్గినట్టు చేసి, రెండుమూడు కుదుపులు ఇచ్చి, ఆగిపోయింది. రెండు పక్కలా మక్కజొన్న చేన్లు. రోడ్డు మీద మనిషి లేడు.

బాపు కళ్లు తెరిచాడు. "ఎడ్లయితే ఇంటికన్న తోల్కపోతుండె పెద్దోడా" అన్నాడు. అది అన్నను ఉడికించే పాత మాటే. గొంతు మాత్రం నేను ఎన్నడూ విననిది.

అన్న పెట్రోలు చూశాడు. పైపు ఊదాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గులు తీసి తుడిచాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. డిస్ట్రిబ్యూటర్‌ను మాత్రం అన్నిటికంటే చివర చూశాడు. పొద్దున తన చేత్తో సరిచూసుకున్నది అదొక్కటే.

మూత తీసి అలాగే నిలబడిపోయాడు. నేను నీళ్ల చెంబుతో పక్కనే ఉన్నాను. ఇరుసు చుట్టూ పచ్చగా ఉంది. పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. ఇంజన్‌లో నుంచి మా వంటింటి వాసన వచ్చింది. కాగిన నెయ్యి, పసుపు. అన్న నా వంక చూశాడు. నేను అవ్వ వంక చూశాను. ఆమె కొంగుతో బాపు ముఖానికి విసురుతోంది.

"ఏమైంది కొడుకా?"

"ఏం లేదవ్వా. వైరు ఊడింది."

అన్న రుమాలును పెట్రోలులో ముంచి ఇరుసు తుడిచాడు. గరుకు కాగితంతో పాయింట్లు గీకాడు. కాగితం చేతిలోంచి జారితే నేను తీసిచ్చాను. హ్యాండిల్ తిప్పగానే ఇంజన్ అందుకుంది. అన్న పరుగున వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఇగ ఉరికియ్యకు కొడుకా" అంది అవ్వ వెనక నుంచి. "మెల్లగ ఇంటికి మలుపు."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అన్న బండిని కదిలించలేదు, ఇంజన్ ఆపనూ లేదు. అది ఎక్కడా తడబడకుండా నడుస్తూనే ఉంది.

పదకొండో రోజు బాపు అక్క, మా మేనత్త, అందరి ముందూ అన్నను పట్టుకుంది. పాత డబ్బాను నమ్ముకొని తన తమ్ముణ్ని తొవ్వలో చంపాడంది. అవ్వ అడ్డుపడింది.

"వాన్ననకు వదినా. పొద్దుగాల్నే నేను దాని పానం కాడ ఇంత నెయ్యి, పసుపు వెట్టి మొక్కిన. గందుకే జగిత్యాల దాటిందాకన్న పోయింది. లేకుంటె ఊరు గూడ దాటకపోవు. కాదుర కొడుకా?"

ఒక్క మాటతో అన్న మీది నింద పోతుంది. ఆ మాట అనగలిగిన వాళ్లం అక్కడ ఇద్దరమే.

"అవునవ్వా" అన్నాడు అన్న.

తరువాత పెరట్లో, ఎందుకట్లా అన్నావని అడిగాను. "అవ్వ బతకాలె గద చెల్లె" అన్నాడు. వేళకు చేరినా దక్కేవాడో లేదో చెప్పలేమని తరువాత మెట్‌పల్లి డాక్టరు అన్నాడు. ఊళ్లో పెళ్లిళ్లకు ఆ కారును అడగడం మానేశారు.

మరుసటి దసరాకు అన్న తనే మూత తీసి అవ్వను పిలిచాడు. ఆమె ఇరుసుకు నిండుగా నెయ్యి పూసి దండం పెట్టుకుంది. ఆమె లోపలికి వెళ్లాక అన్న పెట్రోలు గుడ్డతో అంతా తుడిచి, జర్దా డబ్బా తీసి, గింజంత గ్రీజు పెట్టాడు. గుడ్డ అందించింది నేను. అవ్వ ఉన్నన్నాళ్లూ ప్రతి దసరాకూ ఇలాగే జరిగింది. ఆ వాసన నాకు ఏ ఏడూ అలవాటు కాలేదు.

అవ్వ పోయి చాలాకాలమైంది. ఈ వానాకాలంలో అన్న కూడా పోయాడు. కారు కొట్టంలోనే ఉంది. ఈ దసరాకు మా ఇంట్లో ఆ మూత ఎవరూ తీయలేదు.