నా బిడ్డ వేసిన జారుముడి

నా బిడ్డ పోయిందని భద్రాచలం దవాఖానల నర్సమ్మ నా చెయ్యి పట్టుకొని చెప్పింది. ఆ పొద్దు ఆగస్టు జెండా పండుగ. బయట పిల్లలు చాక్లెట్లు తినుకుంట పోతున్నరు.

ములకలపల్లి అవతల అడవి ఊళ్ళె సర్కారు బడి టీచరమ్మ నా బిడ్డ. కిరాయి ఇంట్ల మేమిద్దరమే ఉండేటోళ్ళం. నేను చదివింది తక్కువ, తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

ప్రతి పండుగకు బడి జెండా ఇంటికి తెచ్చి నాతోటి ఉతికిచ్చేది. "ఏందే, రంగు దిగతదా ఇది?" అంటే పకపక నవ్వేది. "దేశం గూడ బట్టల బకెట్ లెక్కనే కనపడ్తదా నీకు?" అనేది. ఇస్త్రీ చేసుకుంట పిల్లలకు చెప్పినట్టు నాకూ చెప్పేది. మొదట్ల హిందువులకు ఎరుపు, ముస్లింలకు పచ్చ, రెండే అనుకున్నరంట. మిగిలినోళ్ళ కోసమని తెలుపు కలిపి, రాట్నం బొమ్మ పెట్టిండ్రంట. తర్వాత ఎరుపు పోయి కాషాయం వచ్చింది, రాట్నం పోయి చక్రం వచ్చింది. కాషాయం త్యాగం, తెలుపు సత్యం, పచ్చ మన నేల.

"టీచర్, మరి మా అడవి ఏడున్నది?" అని ఒక కోయ పిల్ల అడిగిందంట. "కింద పచ్చగున్నదంత మీదే. అది లేకుంటే పై రెండు దేని మీద నిలవడ్తయే?" అన్నదంట.

పండుగ ముందటి సాయంత్రం ఒళ్ళు కాలిపోతున్నా కూసొని జెండా మడిచింది. నడుమ పెరట్ల మందార రెక్కలు పోసింది.

"మరక పడ్తదే," అన్న.

"పొద్దుగాల్నే రాలిపోతయ్ గదమ్మా."

తాడు చుట్టి జారుముడి వేసింది. "గట్టిగ వెయ్యొద్దు. గుంజంగనే ఊడాలె, అప్పుడే జెండా ఎగురుతది," అన్నది.

తెల్లారేసరికి జొరం తలకెక్కింది. వాగు పొంగి ఆటో ఇవతలనే ఆగిపోయింది. ఊరోళ్ళు మంచం మీద మోసి దాటిచ్చిండ్రు. అప్పటికే ఆలస్యమైంది.

ఆ మూట గట్లనే పెట్టెల ఉండిపోయింది. రోజూ తీసి ఆ ముడి చూసేదాన్ని. ఆమె చేతులు చేసిన ఆఖరి పని అది. జనవరిల హెడ్ సారు వచ్చి, "కొత్త జెండా కొంటం, అది నువ్వే ఉంచుకో అమ్మా," అన్నడు. వెంట వచ్చిన పిల్లలు పెట్టె దిక్కే చూసిండ్రు. నాకు విప్పబుద్ధి కాలే. కానీ ఊడాలెనని వేసిన ముడి అది. ఇచ్చేసిన.

జెండా పండుగ పొద్దుగాల బడికాడ సారు తాడు నా చేతికే ఇచ్చిండు. ఒక్క గుంజుకు ఊడింది. పూలు రాలలే, నల్లటి పొడి రాలింది. తెలుపు మీద చక్రం పక్కన మందారం మరక. పిల్లలు దాని దిక్కే చూసుకుంట సెల్యూట్ కొట్టిండ్రు.

సాయంత్రం జెండా దించి, "ఉతికి పెట్టమ్మా," అని సారు నాకిచ్చిండు. బకెట్ల నానేసిన. సబ్బు మీదికి చెయ్యి పోలే. మూడు రంగులు ఎట్లున్నయో గట్లనే ఉన్నయ్. నీళ్ళు మాత్రం మందారం మరకకు మెల్లగ ఎర్రబడుకుంట వచ్చినయ్. ఆ నీళ్ళు నేను పారబోయలే.