పైడమ్మ వదిన చూడని సినిమా

మా చిన్నప్పుడు... వేసవి మధ్యాహ్నాలు మా వసారా నిండా చింతపండే. కోటబొమ్మాళి పక్క పల్లె మాది. నాయనమ్మ, పిన్నులు, పిల్లలం ఏడుగురం చుట్టూ కూర్చుని పిక్కలు తీసేవాళ్ళం. వేళ్ళన్నీ జిగట... ముక్కు దురద పెట్టినా గోక్కోలేం.

మధ్యలో పైడమ్మ వదిన. మా మేనత్త కూతురు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. వాళ్ళది సాలూరు, మావయ్య లారీ తోలేవాడు. అక్కడ సినిమా హాళ్ళున్నాయి, మా ఊళ్ళో లేవు. సెలవులకి వచ్చేటప్పుడు ఆ ఏడాది చూసిన దెయ్యాల సినిమాలన్నీ మోసుకొచ్చేది.

వదిన కథ చెబుతుంటే మా చేతులు ఆడుతూనే ఉండాలి... అది ఆవిడ షరతు. ఒక్కరి చెయ్యి ఆగినా టక్కున ఆపేసేది.

"సెయ్యి ఆగింది. కత కూడా ఆగింది."

దెయ్యం వెనకాల నిలబడ్డాక చేతులు ఎలా ఆడతాయి చెప్పండి? అందరం బతిమాలి, గబగబా నాలుగు పిక్కలు తీసి, మళ్ళీ నోళ్ళు తెరుచుకుని కూర్చునేవాళ్ళం.

నాకు ఆవిడంటే కుళ్ళు. దాచుకోవడం ఎందుకు... అచ్చమైన కుళ్ళు. నా సొంత చెల్లెలు నన్ను వదిలేసి వెళ్ళి ఆవిడని ఆనుకుని కూర్చునేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అందరూ నా మొహం అలా చూస్తే చాలనిపించేది.

ఐదో తరగతి సెలవుల్లో నా మొర ఆలకించాడు దేవుడు. నాన్న పనుండి టెక్కలి వెళుతూ నన్ను కూడా తీసుకెళ్ళి మ్యాట్నీ చూపించారు. కొత్త దెయ్యం సినిమా... వదిన ఇంకా చూడలేదు! తిరుగు బస్సులో సీను తరవాత సీను బట్టీ పట్టాను.

మర్నాడు చింతపండు దగ్గర కూర్చోగానే అందుకున్నాను. పేర్లు పడడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, దెయ్యం చీర అంచు రంగుతో సహా చెప్పాను. ఒక్క చెయ్యీ ఆగలేదు... సగం కథకే రెండు చేటలు నిండాయి. నాయనమ్మ మురిసిపోయింది.

"నీ కతే మేలే అమ్మా... పని సాఫీగా అవుతన్నాది."

ఆ మెప్పుకి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అడిగింది వదిన. "ఒసే, హీరోయిన్ మేడ మీద గదిలోకెళ్ళింది కదా... లోపల ఏటుంది?"

"ఏటీ లేదు. ఒక మంచం ఉన్నాది, అంతే."

"సరిగ్గా సూసినావా?"

"సూసినాను."

వదిన ఒక పిక్క తీసి పక్కన పడేసి నెమ్మదిగా అంది. "మంచం మీద దుప్పటి సక్కగా ఉన్నాదా... నలిగి ఉన్నాదా?"

చేతులన్నీ ఆగిపోయాయి. నావి కూడా. సినిమా చూసింది నేను, ఆ గదిలో ఏమీ లేదని తెలిసింది నాకు. అయినా నా వీపు మీద చల్లగా ఏదో పాకింది. మిగతా కథంతా ఆవిడే చెప్పింది, చూడని సినిమాని! నేను పెరట్లోకి పోయి ఏడ్చాను, భయంతో మాత్రం కాదు.

ఆ కుళ్ళే నన్నిలా తయారు చేసిందేమో... ఇప్పుడు ఎచ్చెర్లలో ఉంటున్నాను, నలభై దాటాయి, వచ్చిన ఏ దెయ్యం సినిమానీ, ఏ అంతరిక్షం సినిమానీ వదలను. చూసి ఇక్కడ నాలుగు ముక్కలు రాస్తాను, మీరు పాపం ఓపిగ్గా చదువుతారు.

మొన్న చూసిన అపార్ట్‌మెంట్ దెయ్యం సినిమా నాకు ఎక్కలేదు. దెయ్యం రావడానికి ముందే డప్పులు మోగించేస్తే ఇంక భయమెక్కడిది? రాకెట్టులో నలుగురు చిక్కుకుపోయే సినిమా మాత్రం మొదటి గంట అదిరింది. ఆ నలుగురిలో ఒకమ్మాయికి రేడియోలో తన గొంతే వినిపించినప్పుడు నిజంగా ఉలిక్కిపడ్డాను. చివర్లో, రాకెట్టులో దూరిన జంతువుని లైట్లేసి మరీ చూపించి చెడగొట్టారు. పళ్ళు లెక్కపెట్టుకునేంత తీరిక ఇస్తే ఎవరు భయపడతారండీ...

మా అమ్మాయి నా పక్కనే కూర్చుని చూసింది ఆ సినిమా. ఆవలించింది, మధ్యలో లేచి చిప్స్ తెచ్చుకుంది. నేను రాసినవి ఎలాగూ చదవదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. కిరాణా కొట్టు పెట్టాక సినిమాలు చూసే తీరిక లేదు ఆవిడకి. "కొత్తగా ఏటి సూసావు, సెప్పు" అంటే రాకెట్టు కథ పది నిమిషాల్లో చెప్పేశాను. అంతా విని, "పిల్లకివ్వు" అంది. స్పీకర్ పెట్టాను.

"ఏటే అమ్మా, ఆ సినిమాలో మనుషులు నలుగురేనా?"

"నలుగురే అత్తా."

"మరి గోడకి తగిలించిన ఆ రాకెట్టోళ్ళ పెద్ద బట్టలు... ఐదు జతలున్నాయి. ఐదోది ఎవులిది?"

మా అమ్మాయి సోఫాలో కాళ్ళు పైకి ముడుచుకుంది. చిప్స్ పట్టుకున్న చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సినిమా రెండుసార్లు చూశాను నేను... ఐదో జత లేదు. చెల్లెల్ని లాక్కున్నది చాలక నా కూతుర్ని కూడా లాక్కుంటోందీవిడ!

అంతలో కొట్టుకి ఎవరో వచ్చినట్టున్నారు. "ఉంటానే, బేరమొచ్చినాది" అంది వదిన.

నేను ఫోన్ లాక్కున్నాను.

"వదినా, పోను పెట్టీకు! ఐదోది ఎవులిదో సెప్పి పెట్టు!"

ఇప్పుడు ప్రతి సినిమా ప్రతివాళ్ళ చేతిలోనూ ఉంది... ఎవరికీ ఎవరూ కథ చెప్పే పనే లేకుండా పోయింది. మీ ఇంట్లోనూ ఇలా సినిమా చెప్పే మనిషి ఉండేవారా? ఎవరో, ఏం చెప్పి మిమ్మల్ని వణికించారో కింద రాయండి... ఒక్కొక్కటీ చదివి తీరిగ్గా కుళ్ళుకుంటాను.